మినిట్సు పుస్తకంలో సుక్రు

లింబగుడ సుక్రు పద్నాలుగేళ్ళుగా ఒక సంస్థలో కార్యవర్గ సభ్యుడు. అరకు సంత వెనక వీధిలో, రెండు గదుల అద్దె ఇంట్లో నడిచే కొండఊట సేవా సంఘం అది. గుమ్మం పక్కన గోడకి కొట్టిన బోర్డు మీద ఏడుగురి పేర్లుంటాయి, ఆరో పేరు అతనిది. ఈ పద్నాలుగేళ్ళలో సుక్రు ఒక్క సమావేశం మానలేదు. వాన పడుతున్నా, జీపు దొరక్కపోయినా, తోటలో కాఫీ పండు రాలిపోతున్నా సరే, ఉతికిన చొక్కా వేసుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచైనా వచ్చేవాడు. కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు, ఇచ్చిన టీ తాగేవాడు, చూపించిన చోట సంతకం పెట్టేవాడు, ఇంటికెళ్ళిపోయేవాడు. అన్ని సమావేశాల్లోనూ కలిపి అతను మాట్లాడింది రాస్తే అరపేజీ కూడా నిండదు.

అలాగని మాట రాని మనిషేం కాదు. పైపుల గురించి కదిపి చూడండి, మీ టీ చల్లారిపోతుంది గానీ అతను ఆపడు. మట్టిలో పాతిన గొట్టం ఎక్కడ కారుతోందో నేల మీద చెవి ఆనించి చెప్పగలడు. చుట్టుపక్కల ఇరవై రెండు ఊళ్ళలో కొండ మీది ఊట నుంచి ఇళ్ళ ముందరి కుళాయి దాకా నీళ్ళు దిగుతున్నాయంటే, ఆ గొట్టాల్లో సగానికి మరలు బిగించింది అతని చేతులే. బల్ల ముందు కూర్చోబెడితేనే నోరు పడిపోయేది. దానికి కారణం ఉంది, అది తర్వాత చెబుతాను. ముందు అతని అక్క గురించి చెప్పాలి, ఎందుకంటే సుక్రు బతుకులో అసలు సంగతి ఆవిడే.

తల్లి పోయేనాటికి సుక్రుకి మూడేళ్ళు, అక్క బుద్రికి పదకొండు. తండ్రి పోడు పనికి పోతే ఇంట్లో మిగిలేది వీళ్ళిద్దరే. పాత చీరముక్కతో తమ్ముణ్ణి వీపుకి కట్టుకుని, నెత్తి మీద కుండ పెట్టుకుని, ఆ పిల్ల ఊటకి వెళ్ళి నీళ్ళు తెచ్చేది. రాగి అంబలి ముందు వాడికి పోసి, అడుగున మిగిలింది తను తాగేది. పెళ్ళి చేసి కొండగట్టు అవతలి రేగిపుట్టు ఊరికి పంపిస్తే, నెల తిరక్కుండా వచ్చి తమ్ముణ్ణి కూడా తీసుకుపోయింది. అత్తవారు మొహం మాడ్చుకున్నా లెక్కచేయలేదు. అలా రెండేళ్ళు సుక్రు అక్క అత్తవారింట్లోనే పెరిగాడు. ఆవిణ్ణి అప్ప అని పిలిచేవాడు. అమ్మ మొహం అతనికి గుర్తు లేదు, అమ్మ అనుకుంటే అప్పే గుర్తొస్తుంది.

ఆ అప్ప ఇప్పుడు తొమ్మిదేళ్ళుగా అతనితో మాట్లాడటం లేదు. ఆవిడ చిన్న కొడుకు పెళ్ళికి లింబగుడలో ప్రతి గడపకీ కబురొచ్చింది, సుక్రు గడపకి రాలేదు. ఆ రోజు డప్పుల చప్పుడు గట్టు దాటి వినిపిస్తుంటే, అతను మిరియం తీగలకి నీడ సరిచేస్తూ పొద్దంతా తోటలోనే ఉండిపోయాడు. భార్య రత్న అన్నం తెచ్చి పెడితే తినలేదు.

ఇంతకీ ఏం జరిగిందంటే, సంఘం సంగతి నుంచి మొదలుపెట్టాలి. ఇరవై ఆరేళ్ళ కిందట విజయనగరం వైపు నుంచి వెంకటరావు గారని ఒకాయన వచ్చాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి, కొండ ఊళ్ళకి నీళ్ళు దించుతానని బయలుదేరిన మనిషి. మంచివాడు. ఇది వెటకారంగా అనడం లేదు, నిజంగానే మంచివాడు. జ్వరమొచ్చిన వాళ్ళని తన స్కూటరు మీద ఆసుపత్రికి చేర్చేవాడు, కూలీలతో పాటు సిమెంటు తట్ట మోసేవాడు. లింబగుడలో మొదటి పథకం కట్టినప్పుడు ఇరవై ఆరేళ్ళ సుక్రు గొట్టాలు మోయడానికి వచ్చాడు. వాడి చేతిలోని పనితనం చూసి ఆయనే పైపు రెంచి ఇచ్చి పని నేర్పాడు. సుక్రుకి ఆయన బాబు. ఇప్పటికీ అంతే.

అయితే మంచివాళ్ళకి ఒక జబ్బుంటుంది, అన్నీ తామే చూసుకుంటారు. ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఏ కొట్టువాడు వాల్వులు పంపాలి, ఏ ఆఫీసరు అనుమతి ఇస్తానన్నాడు, అన్నీ వెంకటరావు గారి బుర్రలో ఉండేవి. బీరువా తాళం ఆయన జేబులో ఉండేది. కంప్యూటరు పాస్‌వర్డు ఆయనకి తప్ప దేవుడికి కూడా తెలియదు. సమావేశంలో విషయం చెప్పేది ఆయనే, దాని మీద మాట్లాడేది ఆయనే, తీర్మానం రాసేది ఆయనే, అదీ ఇంగ్లీషులో. డబ్బిచ్చే సంస్థలు ఇంగ్లీషులో అడుగుతాయి కదా. మిగతా ఆరుగురిలో నలుగురు కింద మైదానం నుంచి వచ్చే ఆయన స్నేహితులు, తల ఊపి మధ్యాహ్నం బస్సు అందుకోవాలనే తొందరలో ఉండేవాళ్ళు. కొండవాళ్ళు ఇద్దరు, సుక్రు, పక్క పంచాయతీ ధర్మ. కార్యవర్గంలో గిరిజనులు ఉండి తీరాలని ఒక నిధుల సంస్థ పట్టుబడితే వేసుకున్న పేర్లవి.

ఇప్పుడు సుక్రు నోరు సంగతి. లింబగుడలో ఊరు కూర్చుని ఏదైనా తేల్చుకునేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్ద మాట చెబుతాడు. ఇష్టమైన వాళ్ళు ఒక్కొక్కరే ఆ మాటని తమ నోటితో మళ్ళీ చెబుతారు. ఫలానా రోజున విత్తనం చల్లుదాం అంటే, ఫలానా రోజున చల్లుదాం, నా ఎడ్లు కూడా తెస్తాను అని ఒకడు, ఆ రోజే చల్లుదాం, నాకు మాత్రం విత్తనం చాలదు అని ఇంకొకడు. అలా మాట చుట్టూ తిరిగి అందరి నోళ్ళలోనూ పడితేనే తేలినట్టు. ఇష్టం లేనివాడు ఎదురు చెప్పడు. పెద్దమనిషి మొహం మీద కాదనడం అక్కడ తిట్టుతో సమానం. నోరు మూసుకుని నేలకేసి చూస్తూ ఊరుకుంటాడు. ఒక్కడు ఊరుకున్నా చాలు, మాట ఆగిపోతుంది. ఊరుకున్నవాడి దగ్గరికి సాయంత్రం పెద్దే వెళ్ళి, ఏటి సంగతని అడుగుతాడు. లింబగుడలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. సంఘం గదిలో కిందనుంచి వచ్చినవాళ్ళెవరికీ తెలియదు.

తొమ్మిదేళ్ళ కిందట రేగిపుట్టుకి నీళ్ళ పథకం వచ్చింది. ఆ ఊరికి రెండు ఊటలు. కిందిది రోడ్డు పక్కనే, సిమెంటు దించుకోవడం సులువు. పైది జీలుగు చెట్ల కింద, అరగంట ఎక్కాలి. వెంకటరావు గారు కార్తీకంలో వెళ్ళి చూశాడు. అప్పుడు కింది ఊట పొంగి పొర్లుతోంది, బిందె పెడితే క్షణంలో నిండింది. మార్చి లోపల పని ముగించాలని నిధుల సంస్థ గడువు. ఈ సంగతి తెలిసి బుద్రి గట్టు దాటి తమ్ముడి ఇంటికి వచ్చింది. కింది ఊట చైత్రానికి ఎండిపోతుందని, పైదే నమ్మదగినదని, మీటింగులో ఈ మాట చెప్పమని చెప్పి, చీకటి పడకుండా వెళ్ళిపోయింది. నువ్వా సంఘంలో మెంబరువి కదరా అని గర్వంగా కూడా అంది.

మీటింగులో వెంకటరావు గారు గోడకి పటం అంటించి, కింది ఊట దగ్గర తొట్టి అన్నాడు. సుక్రు నేలకేసి చూశాడు. నోరు విప్పలేదు. ఊరుకోవడంలో తన బలమంతా పెట్టాడు, గుక్క తిప్పుకోకుండా ఊరుకున్నాడు. సాయంత్రం బాబు తన దగ్గరికి వచ్చి అడుగుతాడని టీకొట్టు దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డాడు. బాబు స్కూటరెక్కి, పోయొస్తాను సుక్రూ అని చెయ్యూపి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా కింది ఊట దగ్గర పునాది తవ్వారు. తను వద్దన్నా కట్టేశారని సుక్రు బాధపడ్డాడు. వద్దని ఒక్కసారే అంటారు, వెంటపడి మళ్ళీ మళ్ళీ అనడం మర్యాద కాదు. ఆ పని మీదికి గొట్టాలు బిగించడానికి మాత్రం వెళ్ళలేదు.

మొదటి చైత్రంలోనే తొట్టి ఎండింది. రేగిపుట్టు ఆడవాళ్ళు ఎప్పటిలాగే పై ఊటకి బిందెలెత్తారు. సంఘం ఫైల్లో అది విజయవంతంగా పూర్తయిన పథకం. ఫొటో కూడా ఉంది, కార్తీకంలో తీసింది. బుద్రి ఆ ఏడాది నుంచి తమ్ముడి మొహం చూడటం మానేసింది. అక్క కోపం అన్యాయమని సుక్రు అనుకున్నాడు. నేను ఒప్పుకోలేదు కదా, వాళ్ళు కట్టుకుంటే నన్నంటుందేం అని ఏడాదికేడాది అదే అనుకుంటూ గడిపాడు.

కిందటేడు వేసవిలో వెంకటరావు గారికి గుండెలో స్టెంటు వేశారు. నెలా పదిరోజులు విశాఖపట్నంలో ఉండిపోయాడు. ఆ నలభై రోజులూ సంఘం ఆఫీసు రోజూ తెరిచారు, రోజూ మూశారు, మధ్యలో చేసింది లేదు. బీరువా తెరుచుకోలేదు. ఏ ఊరికి ఏం మాటిచ్చారో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి మంచం మీద ఆయనకి మొదటిసారి భయం వేసింది. చావంటే కాదు, తను పోతే మర్నాడే సంఘం కూడా పోతుందని. తిరిగొచ్చాక నిధుల సంస్థకి ఆయనే ఉత్తరం రాశాడు, మా సంస్థని బాగుచేసే మనిషినెవరినైనా పంపండని. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి అలా రాయడం చిన్న విషయం కాదు.

వాళ్ళు ప్రసన్నని పంపారు. సాలూరు అమ్మాయి, ముప్పై ఒక్కేళ్ళు. వస్తూనే సంస్థాగత ఆరోగ్య పరీక్ష అని నలభై రెండు ప్రశ్నల కాగితం బయటికి తీసింది. పేరు వింటే సూది మందు గుర్తొస్తుంది గానీ ప్రశ్నలు మంచివే. మీలో ఒకరు నెల రోజులు రాకపోతే ఏ పని ఆగుతుంది? పెద్దాయనతో ఏకీభవించనప్పుడు ఎలా చెబుతారు? మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో మీకు తెలుసా? ఈ చివరి ప్రశ్నకి ఏడుగురిలో నలుగురు తెలియదన్నారు. వెంటనే ప్రసన్న బీరువా తాళానికి మూడు నకళ్ళు చేయించింది. పాత మినిట్సు పుస్తకాలు ఐదూ కిందికి దించి, ఇవన్నీ మీకు తెలుగులో చదివి వినిపిస్తాను, ఎవరూ కదలొద్దంది.

శ్రావణంలో రెండు రోజులు కూర్చున్నారు. పక్కింటి రేకుల మీద వాన చప్పుడుకి గొంతు పెంచి చదవాల్సి వచ్చింది. రెండో రోజు పొద్దున ప్రసన్న నాలుగో పుస్తకంలోకి వచ్చింది. "రేగిపుట్టు గ్రామానికి కింది ఊట వద్ద తొట్టి నిర్మించాలని శ్రీ సుక్రు గారు ప్రతిపాదించగా, సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని చదివి పేజీ తిప్పబోయింది.

"నాను ఒప్పుకోలేదు" అన్నాడు సుక్రు.

పద్నాలుగేళ్ళలో ఆ గదిలో ఎవరూ అడక్కుండా అతను అన్న మొదటి మాట అది. అందరూ అటు తిరిగారు.

వెంకటరావు గారు నవ్వబోయి ఆగాడు. "అదేటి సుక్రూ. ఆ రోజు నువ్వేటీ అన్లేదు కదా. మీ అక్క ఊరని, నీకు గౌరవంగా ఉంటుందని నీ పేరే రాశాను."

"అవును బాబు. ఏటీ అన్లేదు. అందుకే సెప్తన్నాను, ఒప్పుకోలేదు."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క ధర్మకి తప్ప. ధర్మ మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "మాకాడ ఊరుకుంటే వద్దనట్టే బాబు. నాను కూడా రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి మీకు తెల్లేదేమోనని కుర్చీ అటుపక్కకి తిప్పుకుని కూసున్నాను. మీరు ఎండ పడతందనుకుని కర్టెను ఏయించీసారు."

నవ్వొచ్చే సంగతే గానీ ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. సుక్రు లింబగుడ పద్ధతి చెప్పుకొచ్చాడు. ఒకసారి మొదలుపెట్టాక పైపుల గురించి చెప్పినంత వివరంగా చెప్పాడు. ప్రసన్న పెన్ను కింద పెట్టేసి విన్నది. వెంకటరావు గారు మాత్రం పుస్తకాలన్నీ తన ముందుకి లాక్కుని, పేజీ పేజీకీ ఏకగ్రీవమని ఇంగ్లీషులో తను రాసుకున్న మాటని వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆయనకి సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ మనుషుల మధ్యే తిరిగాడు, వాళ్ళ ఇళ్ళలో తిన్నాడు, వాళ్ళు వద్దంటుంటే తనకి వినపడలేదు.

"ఇది తప్పు రాశాం. దిద్దీద్దాం" అన్నాడు చివరికి. "పైన తెల్లకాగితం అంటించి, సుక్రు ఒప్పుకోలేదని రాసీద్దాం."

"పాత పేజీ ముట్టుకోకూడదు సార్" అంది ప్రసన్న. "అప్పుడేం రాశారో అది అలాగే ఉండాలి. తప్పని తెలిసిందని కొత్త పేజీలో రాద్దాం. అదీ ఇక్కడ కాదు, రేగిపుట్టులో కూర్చుని, ఆ ఊరి వాళ్ళ ముందు."

సుక్రు మొహం వికసించింది. అక్క కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి ఇప్పుడర్థమైంది. తీర్మానం నకలు పంచాయతీకి వెళ్ళుంటుంది, అక్కడెవరో చదివి చెప్పుంటారు, నీ తమ్ముడే కింది ఊట దగ్గర కట్టమన్నాడని. అంతా ఈ కాగితం చేసిన పని. కాగితం నోటితోనే నిజం చెప్పిస్తే తీరిపోతుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి రత్నకి అంతా చెప్పాడు.

"మరింకేటి, రేపే బేగి ఎల్లి మీ అప్పకి సెప్పీ" అంది రత్న.

"మీటింగులో సదువుతారు కదా."

"వాల్లు సదివేదేటి. నువ్వెల్లి సెప్పలేవా?"

సుక్రు నేలకేసి చూశాడు. ఆ ఊరుకోవడం ఏమిటో రత్నకి ఎవరూ వివరించనక్కర్లేదు. ఆవిడ పొయ్యిలో కట్టె ఎగదోసి ఇంకో మాట అనలేదు.

ఆ తర్వాతి ఆరేడు నెలల్లో సంఘంలో చాలా మారాయి. సమావేశం నడిపే పని ఒక్కో నెల ఒక్కొక్కరికి వంతు వేశారు. మినిట్సు తెలుగులోకి వచ్చాయి, లేచే ముందు చదివి వినిపిస్తున్నారు. వెంకటరావు గారు అందరికన్నా ఆఖరున మాట్లాడాలని నియమం పెట్టారు. మొదటి రెండు మీటింగుల్లోనూ ఆయన పడ్డ అవస్థ చూసి తీరాలి, చేతిలో పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, మంచినీళ్ళ సీసా ఖాళీ చేశాడు. ఆయనకి తెలిసిన ఊళ్ళ సంగతులన్నీ ధర్మ చేత, సుక్రు చేత ఒక పెద్ద చార్టు మీదికి ఎక్కించారు. అన్నిటికన్నా పెద్ద మార్పు లింబగుడ పద్ధతి. ప్రతి తీర్మానాన్నీ ఒక్కొక్కరూ తమ నోటితో తిరిగి చెప్పాలి. చెప్పనివాడు ఒప్పుకోనట్టు, తీర్మానం ఆగినట్టు. ప్రసన్న తన రిపోర్టులో దానికి పొడుగాటి పేరేదో పెట్టుకుంది. కిందనుంచి వచ్చే స్నేహితులకి మధ్యాహ్నం బస్సు తప్పిపోవడం మొదలైంది. అందులో ఒకాయన ఇలాగైతే నా వల్ల కాదని రాజీనామా ఇచ్చాడు, మంచిదే అయింది.

రేగిపుట్టు మీటింగు మాత్రం ప్రసన్న కావాలనే చైత్రం దాకా ఆపింది. తొట్టిని ఎండిన నెలలోనే అందరూ కళ్ళారా చూడాలని. పొద్దున్నే రెండు జీపుల్లో వెళ్ళారు. వెంకటరావు గారిని డాక్టరు కొండలెక్కొద్దన్నాడు, ఆయన వినలేదు. కింది ఊట దగ్గర చెమ్మ కూడా లేదు. తొట్టి లోపల ఎవరో అడ్డాకులు ఆరబెట్టుకున్నారు. మీటింగని తెలిసి ఊళ్ళో యాభైమంది దాకా వచ్చి తొట్టి నీడన, చుట్టుపక్కల రాళ్ళ మీద కూర్చున్నారు. ఆడవాళ్ళ వరసలో ముందు బుద్రి కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

ముందు ప్రసన్న పాత తీర్మానం చదివింది. అది తప్పని, సుక్రు ఆ రోజు ఒప్పుకోలేదని, సంఘం దాన్ని ఒప్పుదలగా రాసుకుందని చెప్పింది. తర్వాత కొత్త తీర్మానం చెప్పింది, కింది తొట్టి వదిలేసి వేరే చోట కొత్తది కట్టాలని. మాట ఊరి పెద్ద భీముడి దగ్గర మొదలై చుట్టూ తిరిగింది. ఆడా మగా ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ధర్మ చెప్పాడు. ఆఖరున చెప్పాల్సిన వెంకటరావు గారు ఉండబట్టలేక మధ్యలోనే లేచి నిలబడ్డాడు.

"తొట్టి ఇక్కడ కట్టింది నేను. సుక్రు వద్దన్నాడు, నాకు వినపడలేదు. తప్పు నాది. వేరే చోట కడదాం" అన్నాడు. జనం తలలు ఊపారు. తొమ్మిదేళ్ళ బరువు దిగినట్టు అనిపించి, సుక్రు అక్కకేసి చూశాడు.

మాట బుద్రి దగ్గరికి వచ్చింది. బుద్రి నేలకేసి చూస్తూ ఊరుకుంది.

పక్కావిడ మోచేత్తో పొడిచింది. అయినా ఊరుకుంది. ప్రసన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అయోమయంగా చూసింది. దగ్గర దగ్గర అందరూ చెప్పేశారు, మిగిలింది ఇద్దరు ముగ్గురే.

"రాయకమ్మా" అన్నాడు వెంకటరావు గారు మెల్లిగా. "ఆవిడ ఒప్పుకోలేదు." అని, రాళ్ళ మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ బుద్రి ముందుకి వెళ్ళి, తన మోకాలు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "ఏటమ్మా సంగతి, సెప్పు."

బుద్రి తల ఎత్తింది. ఆయనకేసి కాదు, తమ్ముడికేసి చూసింది. ఆ బాబుకి కూడా అర్థం కావాలని, తమ కొండభాషలో కాక తెలుగులోనే మాట్లాడింది.

"కాగితం మీద ఏటి రాసుందో నాకెందుకురా సుక్రు. నాను సదూకున్నానా? పంచాయతీకెల్లి సూసినానా? నాను నీకు మాటిచ్చి పంపినాను. గట్టు దాటొచ్చి, నీ ఇంటికాడ నిలబడి సెప్పినాను, ఇది అక్కడ సెప్పమని. నువ్వు ఊరుకున్నావు. నీ వద్దనడం నువ్వు సేసుకున్నావు. నా మాటేటయింది?"

సుక్రుకి చుట్టూ ఉన్న జనం కనబడలేదు. తన పేరు పాడుచేసింది కాగితమే, తను కాదని ఎనిమిది నెలలుగా మురిసిపోయాడు. తప్పంతా వినపడని బాబుదీ, రాసిన పుస్తకానిదీ అనుకున్నాడు. తనకి అప్పజెప్పిన మాట తన కడుపులోనే ఉండిపోయిందన్న సంగతి ఒక్కనాడూ తట్టలేదు.

"సెప్పలేదప్పా" అన్నాడు.

"ఎందుకు సెప్పలేదు?"

"బాబు మొకం మీద ఎలాగ సెప్పాలో తెల్లేదు. బయమేసింది."

"ఇప్పుడు సెప్పు."

సుక్రు లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. "కింది ఊటని నమ్మొద్దు" అన్నాడు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "మా అప్ప సెప్పమంది. కింది ఊటని నమ్మొద్దు. కార్తీకంలో నిండుగా ఉంటాది, సైత్రానికి ఎండిపోతాది. పై ఊట సన్నంగా పారతాది గానీ ఎండదు. మా అప్ప అత్త కాపరానికి ఒచ్చినప్పట్నుంచీ ఎండలేదు. తొట్టి అక్కడ కట్టాల."

"అంతేనా?"

అంత కాదు. ఇంకో మాట ఉంది. ఆ రోజు గడప దాటుతూ బుద్రి వెనక్కి తిరిగి అన్న మాట అది. సుక్రు దాన్ని ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, రత్నతో కూడా. పెద్దమనుషుల ముందు అనదగిన మాట కాదనుకున్నాడు.

"నీల్లు మోసేది ఆడోల్లు" అన్నాడు సుక్రు. "తొట్టి ఎక్కడ కట్టాలో మగోల్లు పటం గీసుకునే ముందు మమ్మల్ని అడగమని సెప్పు, అంది."

ఆడవాళ్ళ వరసలో అలికిడి అయింది. వెంకటరావు గారు నేల మీద నుంచి లేవకుండానే, "రాసుకో అమ్మా" అన్నాడు ప్రసన్నతో. "ముందు ఈ మాట రాయి. ఆవిడ పేరు మీదే రాయి."

ప్రసన్న రాసేదాకా బుద్రి ఆగింది. రాసింది పైకి చదివించుకుని విన్నది. అప్పుడు కొంగు సర్దుకుని లేచి, తీర్మానం తన నోటితో చెప్పింది.

"తొట్టి పై ఊట కాడ కట్టాల. జాగా మేము సూపిత్తాము. గొట్టాలు మా తమ్ముడు బిగిత్తాడు."